నడుము దెబ్బతిన్నా నర్సింగులో నిలదొక్కుకోవడం: రాయలసీమ నర్సులకు, నర్సింగు విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

మన ఇళ్లకు ఆటోలో వచ్చే మంచినీళ్ల క్యానులో 20 లీటర్ల నీళ్లుంటాయి, అంటే క్యాను బరువును పక్కన పెట్టినా 20 కిలోలు. ఉద్యోగుల ఆరోగ్య భద్రతపై పరిశోధనలు చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ నుంచి 2007లో వెలువడిన లెక్క ప్రకారం, రోగిని చేత్తో ఎత్తే నర్సు తన మీద పడనివ్వదగిన బరువు, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా, సుమారు 16 కిలోలు మాత్రమే. 60 కిలోల మనిషికి ఒక్కొక్క కాలే దాదాపు 10 కిలోలు ఉంటుంది. ఆ లెక్కన మన వార్డుల్లో ఇద్దరు కలిసి "ఒకటి, రెండు, మూడు" అంటూ ఒక పక్షవాత రోగిని మంచం పైభాగానికి జరిపే పని, నడుము బాగున్నవారికే హద్దు దాటిన పని. దెబ్బతిన్న నడుముతో ఈ వృత్తిలోకి రావాలనుకునేవారు, వృత్తిలో ఉండగా దెబ్బతిన్నవారు ముందుగా ఈ ఒక్క సంగతిని మనసులో పెట్టుకోవాలి. ఎత్తలేకపోవడం మీ చేతకానితనం కాదు, ఆ పని అసలు చేత్తో చేయవలసినది కాదు.

నేను కర్నూలులో చదివి, కొన్నేళ్లు వార్డుల్లో పనిచేసి, ఒక రాత్రి డ్యూటీలో ఒక్క అటెండరు సాయంతో రోగిని స్ట్రెచర్ మీది నుంచి మంచం మీదికి మార్చబోయి నడుము పట్టేసి, ఎనిమిది వారాలు ఇంటిపట్టున ఉండి తిరిగి డ్యూటీలో చేరినదాన్ని. ఆ ఎనిమిది వారాల్లో నాకు ఎవరూ చెప్పని విషయాలను, తరువాత నేను తెలుసుకున్నవాటిని, ఏది ముందు ఏది వెనుక చేయాలో ఆ వరుసలో ఇక్కడ రాస్తున్నాను.

మొదటి మెట్టు: నొప్పికి పేరు కనుక్కోవడం

నడుము నొప్పి అనేది రోగం పేరు కాదు. కండరం పట్టేయడం, నడుము కింది భాగంలో నాలుగు, అయిదు ఎముకల మధ్యనో, అయిదో ఎముకకు దాని కింది త్రికాస్థికి మధ్యనో డిస్కు (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు) జారి నరాన్ని ఒత్తడం, ఒక వెన్నుపూస మరొకదాని మీద ముందుకు జరగడం, పాత ప్రమాదంలో ఎముక నలగడం, వెన్నుకు క్షయ సోకడం, ఇవన్నీ మొదట ఒకే మాటతో మన నోట వస్తాయి. వీటిలో కండరపు నొప్పి చాలామందికి కొన్ని వారాల్లోనే తగ్గుతుంది. డిస్కు జారి కాలిలోకి నొప్పి పాకినవారిలో కూడా ఎక్కువమంది శస్త్రచికిత్స లేకుండానే రెండు మూడు నెలల్లో కోలుకుంటారు. కాబట్టి నొప్పి మొదలైన మొదటి నెలలోనే ఉద్యోగానికి రాజీనామా రాయడం, చదువు మానేయడం వంటి నిర్ణయాలు తీసుకోకూడదు.

కొన్ని లక్షణాలు మాత్రం ఒక్క రోజు కూడా ఆగనివ్వవు. మూత్రం బిగపట్టలేకపోవడం లేదా అసలు రాకపోవడం, మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు స్పర్శ పోవడం, పాదం పైకి ఎత్తలేక నడకలో ఈడ్చుకుపోవడం, రెండు కాళ్లలోనూ బలం తగ్గుతూ రావడం కనిపిస్తే అది అత్యవసరం. కర్నూలు పెద్దాసుపత్రికో, అనంతపురం సర్వజన వైద్యశాలకో, కడప రిమ్స్‌కో, మీకు ఏది దగ్గరైతే అక్కడికి అదే రోజు వెళ్లాలి. నొప్పితోపాటు సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉంటే వెన్ను క్షయను అనుమానించాలి. రోజూ క్షయ రోగుల మధ్య తిరిగే మనమే ఈ అనుమానాన్ని మరిచిపోతుంటాం.

ఎమ్మారై కాగితాన్ని చూసి బెదరవద్దు. ఏ నొప్పీ లేనివారికి తీసినా నడివయసులో చాలామందికి డిస్కులు ఉబ్బినట్లో అరిగినట్లో కనిపిస్తాయి. చిత్రంలో కనిపించినది, మీ కాలిలో పాకే నొప్పి, వైద్యుడు పరీక్షించి చూసిన నరం, ఈ మూడూ ఒకదానితో ఒకటి కలిసినప్పుడే ఆ చిత్రానికి విలువ.

ఇక మన వృత్తిలోని ఒక చెడ్డ అలవాటు గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. ఇంజక్షను గది తాళం మన చేతిలోనే ఉంటుంది కనుక, నొప్పి వచ్చిన ప్రతిసారీ తోటి సిస్టర్ చేత డైక్లోఫినాక్ సూది వేయించుకుని డ్యూటీ గడిపేస్తుంటాం. అది కడుపులో పుండ్లకూ, మూత్రపిండాల దెబ్బకూ దారి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆపమని శరీరం చెబుతున్న పనిని ఆపకుండా చేయిస్తుంది. రోజుల తరబడి మంచం దిగకుండా పడుకోవడమూ తప్పే. నొప్పి భరించగలిగినంత మేర నడుస్తూ ఉండటమే కోలుకోవడానికి మంచిదని ఇప్పటి వైద్యం చెబుతోంది. ఎదురుకాళ్లతో పుట్టినవారి చేత నడుము మీద తన్నించుకుంటే పట్టు వదులుతుందనే నమ్మకం మన పల్లెల్లో ఇంకా ఉంది. కండరపు పట్టు ఎటూ నాలుగు రోజుల్లో తగ్గేదే కనుక ఆ పేరు తన్నినవారికి దక్కుతుంది. జారిన డిస్కు మీద ఆ తన్ను పడితే మాత్రం ఆ సంగతి వేరు.

రెండో మెట్టు: మీ నడుము ఏమి చేయగలదో కొలిచి రాసుకోవడం

తీవ్రమైన నొప్పి తగ్గాక ఒక చిన్న నోటు పుస్తకం తీసుకుని రెండు వారాలపాటు నాలుగు విషయాలు రాయండి: ఆగకుండా ఎంతసేపు నిలబడగలిగారు, ఎంతసేపు కూర్చోగలిగారు, ఎంత దూరం నడిచారు, ఎంత బరువు ఎత్తారు. బరువుకు తూనికల యంత్రం అక్కరలేదు. లీటరు నీళ్లు ఒక కిలో కనుక బకెట్టులో 3 లీటర్లు, 5 లీటర్లు, 8 లీటర్లు పోసి, మొదట నడుము ఎత్తున్న బల్ల మీది నుంచి, తరువాత మోకాలి ఎత్తున్న పీట మీది నుంచి ఎత్తి చూడండి. ఎత్తేటప్పటి నొప్పి కంటే మరునాటి ఉదయపు నొప్పినే లెక్కలోకి తీసుకోండి, ఎందుకంటే నడుము తన బాకీని మరునాడు వసూలు చేస్తుంది. ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో ఉన్నవారు ఈ కొలతలను ఆయన ఎదుటే చేయడం మేలు.

ఈ పుస్తకాన్ని వైద్యుడికి చూపించి, ధ్రువపత్రంలో పని మాటలతో రాయమని అడగండి. "తేలికపాటి పని ఇవ్వవలెను" అని రాసిన కాగితం ఎవరికీ ఉపయోగపడదు, ఎందుకంటే తేలికపాటి పని అంటే ఏమిటో మీకూ, హెడ్ నర్సుకూ, సూపరింటెండెంటుకూ మూడు వేర్వేరు అర్థాలుంటాయి. "నడుము ఎత్తు నుంచి 8 కిలోల వరకు ఎత్తవచ్చు, నేల మీది నుంచి ఏదీ ఎత్తరాదు, రోగిని ఒంటరిగా మార్చరాదు, గంటకోసారి కూర్చునే వీలుండాలి, మూడు నెలల తరువాత తిరిగి పరీక్షించాలి" అని రాస్తే దానిని పాటించడమూ సులువు, పాటించలేదని చూపడమూ సులువు. శస్త్రచికిత్స చేయించుకున్నవారు ఏ వారం నుంచి ఏ బరువు ఎత్తవచ్చో తమ సర్జన్ చేతనే రాయించుకోవాలి. కూర్చుని చేసే పనికి తిరిగి వెళ్లే తేదీ, వార్డులో బరువు పనికి వెళ్లే తేదీ ఒకటి కావు.

మూడో మెట్టు: చదువులో చేరాలా, ఏ చదువులో చేరాలి

ఇంటరు పూర్తయి, పాత ప్రమాదం వల్లనో చిన్ననాటి జబ్బు వల్లనో నడుము బలహీనంగా ఉన్న అమ్మాయిలూ అబ్బాయిలూ, వారి తల్లిదండ్రులూ ఈ భాగాన్ని నిదానంగా చదవాలి. పల్లెల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తల చదువైన ఏఎన్ఎం రెండేళ్లు, నర్సింగు డిప్లొమా అయిన జీఎన్ఎం ఆరు నెలల ఇంటర్న్‌షిప్ కలుపుకుని మూడేళ్లు, బీఎస్సీ నర్సింగు నాలుగేళ్లు. బీఎస్సీకి బైపీసీ తప్పనిసరి, జీఎన్ఎంకు ఏ గ్రూపు వారైనా అర్హులే. ఖర్చు తక్కువనీ, త్వరగా ఉద్యోగం వస్తుందనీ చాలామంది ఏఎన్ఎం వైపు చూస్తారు. నడుము బాగాలేనివారికి నేను ఆ దారి చెప్పను. ఎండలో, గతుకుల దారుల్లో స్కూటీ మీద టీకాల పెట్టె తగిలించుకుని ఊరూరూ తిరిగే పని వార్డు పని కంటే నడుముకు ఏమీ తక్కువ కాదు, పైగా అక్కడి నుంచి బోధన వైపో, నాణ్యత విభాగం వైపో పక్కకు జరిగే దారులు ఇరుకు. వీలైతే బీఎస్సీలోనే చేరండి. తరువాత మీకు అక్కరకొచ్చే దారుల్లో ఎక్కువ భాగం ఆ పట్టా మీదే తెరుచుకుంటాయి.

భారతీయ నర్సింగ్ మండలి నిబంధనల ప్రకారం అభ్యర్థి ఆరోగ్యపరంగా యోగ్యుడై ఉండాలి. బీఎస్సీ నర్సింగుకు సంబంధించిన 2020 నిబంధనల్లో దివ్యాంగులకు 5 శాతం సీట్ల కేటాయింపు ఉన్నా, అది కాళ్లలో 40 నుంచి 50 శాతం వరకు చలన వైకల్యం ఉన్నవారికి ఉద్దేశించినది. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. నడుము నొప్పి మాత్రమే ఉండి కాళ్ల బలం మామూలుగా ఉన్నవారు ఈ కోటాలోకి రారు. నరం దెబ్బతిని కాలు బలహీనపడినవారు రావచ్చు. వైకల్యం 50 శాతం మించినవారికి ఈ దారి మూసుకుపోవచ్చు. నిబంధనలు మారుతుంటాయి కనుక మీరు చేరే సంవత్సరపు విశ్వవిద్యాలయ ప్రకటనలో ఈ భాగాన్ని చదివిన తరువాతే కోటా కింద దరఖాస్తు చేయండి.

ఆరోగ్య పత్రంలో పాత శస్త్రచికిత్స గురించి అడిగితే ఉన్నది ఉన్నట్లు రాయండి. దాచిపెట్టి చేరినవారికి మొదటి ఏడాదిలోనే నొప్పి తిరగబెడితే కాలేజీని ఏ సౌకర్యమూ అడగడానికి నోరు రాదు. దాచకపోవడం అంటే ఇంటర్వ్యూకు ఎమ్మారై ఫిల్ము చంకలో పెట్టుకుని పోవడం కాదు. అడిగినదానికి నిజం చెప్పి, వెంటనే మీరు ఏమి చేయగలరో చెప్పడం చాలు.

చదువు కాలంలో నడుముకు పరీక్ష క్లినికల్ పోస్టింగుల్లోనే, అంటే వార్డుల్లో పనిచేస్తూ నేర్చుకునే రోజుల్లోనే ఎదురవుతుంది. పోస్టింగు పట్టిక వేసే టీచరును సంవత్సరం మొదట్లోనే కలిసి, ఎముకల వార్డు, ఐసీయూ ఒకదాని వెంట ఒకటి పడకుండా చూడమని అడగండి. పోస్టింగులు తప్పించమని మాత్రం అడగకండి. హాజరు తక్కువైతే పరీక్షకు కూర్చోనివ్వరు, పైగా తోటివారి మీద భారం వేసినట్లవుతుంది. వరుస మార్చమని అడిగితే ఎవరికీ నష్టం ఉండదు.

నాలుగో మెట్టు: కాగితాలు

వైకల్యం శాశ్వతంగా మిగిలినవారు సదరం శిబిరంలో పరీక్ష చేయించుకుని ధ్రువపత్రం తీసుకోవాలి. స్లాటును గ్రామ, వార్డు సచివాలయంలోనో మీసేవలోనో నమోదు చేయించుకోవచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం కేటాయింపు ఉంది. వైకల్యం 40 శాతానికి తక్కువని తేలినా ఆ కాగితాన్ని పారేయకండి, మీ పరిస్థితికి అది ఒక అధికారిక ఆధారం.

ఇదే చట్టంలోని 20వ సెక్షను ఉద్యోగంలో ఉన్న ప్రతి ప్రభుత్వ నర్సూ తెలుసుకోవలసినది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం ఏర్పడిన వ్యక్తిని ప్రభుత్వ సంస్థ తొలగించరాదు, హోదా తగ్గించరాదు. పాత పనికి తగరనుకుంటే అదే జీతం, అదే స్థాయి ఉన్న మరో పోస్టుకు మార్చాలి. అటువంటి పోస్టు లేకపోతే, అది దొరికేవరకో పదవీ విరమణ వరకో అదనపు పోస్టులో ఉంచాలి. ప్రైవేటు ఆసుపత్రుల మీద ఇంతటి కట్టుబాటు లేదు. అందుకే ప్రైవేటులో ఉన్నవారికి చట్టం కంటే ముందుగా పనికొచ్చేది తరువాతి మెట్టు.

అయిదో మెట్టు: అడగడం, రాతపూర్వకంగా అడగడం

నోటిమాటగా అడిగితే నోటిమాటగానే మరిచిపోతారు. నర్సింగ్ సూపరింటెండెంటును మొదట కలిసి మాట్లాడి, అదే రోజు ఒక పేజీ ఉత్తరం ఇచ్చి, మీ ప్రతి మీద అందినట్లు సంతకం వేయించుకోండి. ఆ ఉత్తరం ఇలా ఉండవచ్చు:

"గౌరవనీయులైన నర్సింగ్ సూపరింటెండెంటు గారికి, నేను మీ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. నడుము డిస్కు సమస్యకు చికిత్స పొంది, వైద్యుల అనుమతితో తిరిగి విధుల్లో చేరుతున్నాను. మందులు, సెలైన్లు, సూదులు, రికార్డులు, రోగుల పరిశీలన, కొత్తవారికి శిక్షణ మొదలైన పనులన్నీ యథావిధిగా చేయగలను. జతపరచిన ధ్రువపత్రం ప్రకారం మూడు నెలలపాటు రోగులను ఒంటరిగా మార్చే పని నుంచి మినహాయించి, వీలైతే ఓపీలోగాని, రెండో వ్యక్తి తోడుండే వార్డులోగాని నియమించవలసిందిగా కోరుతున్నాను."

చేయగలిగినవి ముందు, చేయలేనిది ఒక్కటే, అదీ గడువుతో రాశామన్నది గమనించండి. రాత్రి డ్యూటీలే వద్దని అడగడం కంటే రెండో మనిషి ఉన్న చోట రాత్రి డ్యూటీ అడగడం తెలివైన పని. రాత్రి డ్యూటీలన్నీ తమ మీద పడితే తోటి సిస్టర్ల సానుభూతి నెల తిరిగేసరికి ఆవిరైపోతుంది. బదులుగా వారికి ఏదైనా ఇవ్వండి. స్టాకు రిజిస్టర్లు, ఇండెంట్లు, డిశ్చార్జి కాగితాలు, కేసు షీట్లలో ఎవరూ ఇష్టపడని రాతపనిని మీరు తీసుకుంటే బరువు పనిని వారు తీసుకుంటారు. నా అనుభవంలో ఏ సర్క్యులరు కంటే గట్టిగా నిలిచింది ఈ ఇచ్చిపుచ్చుకోవడమే.

ఆరో మెట్టు: వార్డులో ఒక్కొక్క పని

అసలు విషయం ఇక్కడుంది. మనకు కాలేజీలో మోకాళ్లు వంచి, వీపు నిటారుగా పెట్టి ఎత్తమని నేర్పించారు. పెట్టెను ఎత్తడానికి ఆ పాఠం కొంతవరకు సరిపోతుంది, మనిషిని ఎత్తడానికి సరిపోదు. మనిషికి పట్టుకోవడానికి పిడి ఉండదు, మధ్యలో కదులుతాడు, మంచం అడ్డం వచ్చి మోకాళ్లు వంగవు. ఎత్తే భంగిమ మీద శిక్షణ ఒక్కటే ఇస్తే నడుము దెబ్బలు తగ్గవనీ, పరికరాలు కూడా ఉన్నప్పుడే తగ్గుతాయనీ పరిశోధనలు తేల్చాయి. పరికరాలు తక్కువగా ఉండే మన వార్డుల్లో మిగిలిన ఒకే సూత్రం ఎత్తకుండా జరపడం.

మంచంలో కిందికి జారిన రోగిని పైకి జరిపేటప్పుడు చంకల్లో చేతులు వేసి లాగకండి. అది రోగి భుజానికీ మంచిది కాదు. ముందుగా తలవైపు ఎత్తును పూర్తిగా దించండి. తలవైపు పైకి లేపే వీలున్న ఫౌలర్ మంచంలో ఆ వైపు లేచి ఉండగా పైకి లాగడం ఏటవాలు మీద బండ లాగడమే. డ్రా షీటును (రోగి కింద అడ్డంగా వేసే దుప్పటిని) రోగి భుజాల నుంచి తొడల వరకు ఉండేలా పరచి, అంచులను రోగి శరీరానికి దగ్గరగా చుట్ట చుట్టి పట్టుకోండి. స్పృహ ఉన్నవారైతే మోకాళ్లు మడిచి మడమలతో తన్నమని, గడ్డం ఛాతీకి ఆనించమని చెప్పండి. ఆ సాయమే బరువును చాలా తగ్గిస్తుంది. తరువాత ఒక పాదం ముందుకు, ఒక పాదం వెనక్కు పెట్టి, చేతులతో కాక మీ శరీరపు బరువును ఒక పాదం మీది నుంచి మరొక పాదం మీదికి మార్చడం ద్వారా లాగండి. డ్రా షీటు కింద నునుపైన ప్లాస్టిక్ షీటు ఉంటే రాపిడి తగ్గి పని ఇంకా తేలికవుతుంది. ఒక రోగికి వాడినది మరొక రోగికి వాడకూడదు, పని కాగానే తీసేయాలి, లేకపోతే రోగి జారిపడతాడు.

మన ఆసుపత్రుల్లో ప్రతి రోగి వెంట ఇద్దరు ముగ్గురు బంధువులుంటారు. వార్డు రద్దీ గురించి మనం ఎంత విసుక్కున్నా, విదేశాల్లో యంత్రం చేసే పని ఇక్కడ వారు చేయగలరు. ఆదోని నుంచో, గద్వాల నుంచో తండ్రిని తీసుకొచ్చిన కొడుకు మంచం పక్కన ఏమి చేయాలో తెలియక నిలబడి ఉంటాడు. "అన్నా, నువ్వు ఆ పక్క దుప్పటి అంచు రెండు చేతులా పట్టుకో, నేను మూడు అన్నాక లాగు, ముందు లాగొద్దు" అని స్పష్టంగా చెబితే చాలు. వార్డు సహాయకులైన ఎమ్మెన్వో, ఎఫ్ఎన్వో కోసం ఎదురుచూడవలసి వచ్చినా ఎదురుచూడండి. పక్క పది నిమిషాలు ఆలస్యంగా మారిస్తే రోగికి పుండు పడదు, మీరు ఒక్కసారి తొందరపడితే ఆరు వారాలు పోతాయి.

స్ట్రెచర్ నుంచి మంచానికి మార్చేటప్పుడు రెండింటి చక్రాలకూ బ్రేకులు వేయడం, రెండూ ఒకే ఎత్తులో లేకపోతే ఎత్తైనదాని నుంచి పల్లమైనదానికే జరపడం, మధ్య సందులో మడిచిన దుప్పటి పెట్టడం అనే మూడింటినీ మరవకండి. నన్ను పడగొట్టింది వీటిలో మొదటిదే, ఆ రాత్రి స్ట్రెచర్‌కు బ్రేకు పడలేదు.

నడుస్తున్న రోగి కళ్లు తిరిగి పడిపోతుంటే పట్టుకుని ఆపాలని చేతులు వాటంతట అవే ముందుకు పోతాయి. ఆపలేరు. అతని వెనుకగా నిలబడి ఒక కాలు ముందుకు చాచి, మీ తొడ మీదుగా మెల్లగా నేల మీదికి జార్చి, తల మాత్రం తగలకుండా చూడండి. నేల మీద ఉన్నవారిని వంగి పైకి ఎత్తే ప్రయత్నం ఎప్పుడూ చేయవద్దు. స్పృహ ఉంటే ఒక కుర్చీ తెచ్చి దాని ఆసరాతో మోకాళ్ల మీదికి, అక్కడి నుంచి కూర్చోవడానికి సాయపడండి. స్పృహ లేకపోతే దుప్పటి కింద వేసి కనీసం నలుగురు ఎత్తాలి. మంచాలు చాలక చాప మీద ఉన్న రోగికి సెలైను పెట్టవలసి వస్తే వంగకుండా ఒక మోకాలు నేల మీద ఆనించి కూర్చోండి.

బరువు కంటే వంగడమే నడుమును నిదానంగా తినేస్తుంది. ఐవీ కాన్యులా పెట్టడం, కాథెటరు వేయడం, డ్రెస్సింగు, స్పాంజి బాత్, ఇవన్నీ పది పదిహేను నిమిషాలు సగం వంగి చేసే పనులు. చక్రాలున్న ఒక స్టూలు సంపాదించుకోండి. కూర్చుని సూది పెట్టే సిస్టర్‌ను మొదటి వారం అందరూ వింతగా చూస్తారు, రెండో వారం ఆ స్టూలు కోసం పోటీ పడతారు. మంచం ఎత్తు పెరగనిదైతే ఒక పాదాన్ని ఫుట్‌స్టెప్ మీద పెట్టుకోండి. ఆక్సిజన్ సిలిండరును అంచు మీద దొర్లించుకుంటూ తీసుకుపోయే విద్య మీకు వచ్చినా మానేయండి, ట్రాలీ లేకుండా ముట్టుకోవద్దు.

రాత్రి డ్యూటీవారికి ఒక ప్రత్యేక జాగ్రత్త ఉంది. పడుకున్నప్పుడు వెన్ను డిస్కుల్లోకి నీరు చేరి అవి ఉబ్బుతాయి, లేచిన మొదటి గంటలో వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువగా పడుతుంది. తెల్లవారుజామున కాసేపు నడుం వాల్చి, నాలుగున్నరకు లేచిన వెంటనే స్పాంజి బాత్‌లూ పక్కలు మార్చడమూ మొదలుపెట్టే మన ఆనవాయితీ అందుకే ప్రమాదకరం. లేచిన తరువాత మొదటి అరగంట మందులు, ఉష్ణోగ్రతలు, రాతపని వంటి నిలబడి చేసే పనులు పెట్టుకుని, వంగే పనులను ఆ తరువాతకు జరపండి.

నడుము బెల్టు గురించి అందరూ అడుగుతారు. నొప్పి తీవ్రంగా ఉన్న కొన్ని రోజులు వైద్యుడు చెప్పినట్లు వాడవచ్చు గాని, బెల్టు ఉంది కదా అని ఎత్తకూడనిది ఎత్తడం జరుగుతుంది. దెబ్బలను అది ఆపుతుందనడానికి ఆధారం లేదు.

ఏడో మెట్టు: డ్యూటీలో మళ్లీ దెబ్బ తగిలితే

ఆ క్షణంలో చేస్తున్న పనిని ఆపి, షిఫ్టు ముగిసేలోపు రాతపూర్వకంగా తెలియజేయండి: ఎన్ని గంటలకు, ఏ మంచం దగ్గర, ఏ పని చేస్తుండగా, ఎవరు చూస్తుండగా. ప్రైవేటు ఆసుపత్రుల్లో నెలకు 21,000 రూపాయల వరకు, దివ్యాంగులైతే 25,000 రూపాయల వరకు జీతం ఉన్నవారికి ఉద్యోగుల బీమా పథకం ఈఎస్ఐ వర్తిస్తుంది. మీ జీతపు చీటీలో 0.75 శాతం కోత కనిపిస్తే మీరు అందులో ఉన్నట్లే. మామూలు జబ్బుకు ఈఎస్ఐ రోజువారీ సగటు వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు ఇస్తుంది, అదీ తగినన్ని రోజుల చందా ఉంటేనే. పనిలో తగిలిన దెబ్బకు 90 శాతం ఇస్తుంది, ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే అర్హత ఉంటుంది. ఈ రెండింటి మధ్య తేడా అంతా ఆసుపత్రి ప్రమాదాల రిజిస్టరులో మీ పేరు ఆ రోజు ఎక్కిందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. "ఎన్నాళ్లుగానో నొప్పి" అని రాస్తే అది జబ్బు. "ఫలానా తేదీ రాత్రి రెండు గంటలకు రోగిని మారుస్తుండగా" అని రాస్తే అది ప్రమాదం. జరిగినది ప్రమాదమే అయినప్పుడు మొహమాటానికి పోయి జబ్బుగా రాసుకోకండి.

ఎనిమిదో మెట్టు: వృత్తిలోనే పక్కదారులు

వార్డులన్నీ ఒకటి కాదు. స్పృహలేని రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పవలసిన ఐసీయూ, ఎముకల వార్డు, నరాల వార్డు, క్యాజువాలిటీ, ఇవి నడుముకు అన్నిటికంటే బరువైనవి. లేబరు గదిలో వంగి ఉండే సమయం ఎక్కువ. పిల్లల వార్డు తేలికని అనుకుంటారు గాని, పొట్టి తొట్టెల మీద వంగవలసి రావడంతో అంత తేలిక కాదు. ఆపరేషన్ థియేటరులో గంటల తరబడి కదలకుండా నిలబడటం కొందరి నడుముకు ఎత్తడం కంటే కష్టం. కంటి ఆసుపత్రులు, ఓపీ, టీకాల విభాగం, రక్తనిధి, మధుమేహ, రక్తపోటు క్లినిక్కులు, హెచ్ఐవీ రోగులకు మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాలు నయం, అక్కడ రోగులు తమ కాళ్ల మీద నడిచి వస్తారు.

సంక్రమణ నియంత్రణ నర్సు, ఆసుపత్రుల నాణ్యతకు ఇచ్చే ఎన్ఏబీహెచ్ గుర్తింపు కోసం పనిచేసే నాణ్యత విభాగం, ఆరోగ్య బీమా డెస్కు, ఇవి వార్డు అనుభవం ఉన్నవారికే సరిగ్గా చేతనయ్యే కుర్చీ పనులు. బోధన మీద ఆసక్తి ఉంటే బీఎస్సీ తరువాత ఏడాది అనుభవంతో ఎమ్మెస్సీకి వెళ్లవచ్చు, బీఎస్సీలో 55 శాతం మార్కులుండాలి. కమ్యూనిటీ హెల్త్, సైకియాట్రీ శాఖలు మీకు అనుకూలం, అయితే సైకియాట్రీలో ఉద్రేకంలో ఉన్న రోగిని అదుపు చేసే సందర్భాలకు ముందే ఏర్పాటు ఉండాలి. పల్లె ఆరోగ్య కేంద్రాల్లో ఎంఎల్‌హెచ్‌పీలుగా పిలిచే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు ఉద్యోగం బీఎస్సీ వారికి మంచి దారి. ఎక్కువ భాగం కూర్చుని రోగులను చూసే పనే, కాని ఎంచుకునేటప్పుడు ఊరికి బస్సు సౌకర్యం ఉందో లేదో చూసుకోండి.

ఒక ఉద్యోగం మాత్రం జీతం ఎంత ఊరించినా వద్దంటాను. బెంగళూరు, హైదరాబాదు ఇళ్లలో మంచాన పడిన వృద్ధులను 12 గంటలు, 24 గంటలు చూసుకునే హోం నర్సింగు అది. మంచం పొట్టిది, తోడు ఎవరూ ఉండరు, వద్దని చెప్పడానికి పై అధికారీ ఉండరు. విదేశాల సంగతికొస్తే, బ్రిటన్‌లో చేత్తో బరువులెత్తడంపై 1992 నాటి ప్రత్యేక నిబంధనలున్నాయి, ఆసుపత్రుల్లో రోగులను ఎత్తే యంత్రాలుంటాయి. చేరేముందు ఆరోగ్య పరీక్ష ఉంటుంది కాబట్టి మీ రెండో మెట్టు కాగితాలు అక్కడా పనికొస్తాయి.

తొమ్మిదో మెట్టు: ఇల్లు, ప్రయాణం, మూడు నెలల లెక్క

ఆరు గంటల డ్యూటీలో కాపాడుకున్న నడుమును ఇంటికొచ్చి బిందెలతో పాడుచేసుకునేవారు మనలో ఎక్కువ. కొళాయి రెండు మూడు రోజులకోసారి వచ్చే వీధుల్లో నీళ్లు పట్టడం తప్పదు. పెద్ద బిందె ఒకటి చంకన పెట్టుకునే బదులు రెండు చిన్న బకెట్లు రెండు చేతుల్లో మోయండి, నీళ్ల క్యానును ఎత్తి వంచకుండా దాని మూతి మీద చేతిపంపు బిగించుకోండి. నంద్యాల నుంచి కర్నూలుకు రోజూ 70 కిలోమీటర్లు బస్సులో వచ్చేవారు వెనుక చక్రం పైసీటును వదిలి మధ్య సీటులో కూర్చోండి, నడుము వెనుక మడిచిన తువ్వాలు పెట్టుకోండి. రోజూ అరగంట నడక, ఫిజియోథెరపిస్టు చూపిన పొట్ట, పిరుదుల కండరాల వ్యాయామాలు సెలవు రోజున కూడా మానకూడదు. నొప్పి లేని వారంలో మానేయడమే అందరం చేసే పొరపాటు.

మూడు నెలలకోసారి రెండో మెట్టు నాటి నోటు పుస్తకం తీసి అవే నాలుగు కొలతలు మళ్లీ రాయండి. అంకెలు పెరిగితే ధ్రువపత్రంలోని హద్దులను సడలించమని వైద్యుణ్ణి మీరే అడగండి. మీరే ముందుకొచ్చి అడిగినట్లు సూపరింటెండెంటుకు తెలిస్తే, తరువాత ఎప్పుడైనా మినహాయింపు కావాలన్నప్పుడు మీ మాటకు విలువ ఉంటుంది. వరుసగా రెండుసార్లు అంకెలు పడిపోతే మూడోసారి కోసం ఆగకుండా ఎనిమిదో మెట్టులోని ఉద్యోగాల్లో ఒకదానికి దరఖాస్తు రాయడం మొదలుపెట్టండి.